బేర్‌రూట్ గులాబీల పెంపకం

బేర్‌రూట్ గులాబి అనగా చలికాలంలో నిద్రావస్థలో ఉన్న సమయంలో పొలం నుండి పెకలించి, వేర్లకు అంటిన మట్టిని తొలగించి, ఆకులు లేకుండా అమ్మే గులాబి మొక్క. చూచుటకు ఇది ముళ్ళున్న నాలుగైదు ఎండుపుల్లల కట్ట వలె ఉంటుంది. ఐరోపా, ఉత్తర అమెరికా వంటి శీతల దేశాలలో ఇంటి తోటలకు గులాబీలు చేరే ముఖ్యమైన మార్గాలలో ఇది ఒకటి. భారతదేశంలో ఉత్తరాది నర్సరీలు చలికాలంలో దూరప్రాంతాలకు పంపే గులాబీలు కూడా కొంతవరకు ఈ కోవకు చెందినవే.

ఈ మొక్కలు నాటిన మొదటి సంవత్సరంలో వాటి పోషణ మిగిలిన సంవత్సరాల పోషణకు భిన్నంగా ఉంటుంది. తొలి ఏడాదిలో తోటమాలి ఆశించవలసినది పువ్వులను కాదు, వేర్లను. నిండుగా చిగిర్చి, మొగ్గ కూడా తొడిగిన మొక్క ఎండలు ముదరగానే హఠాత్తుగా వాడి చనిపోవడం పెంపకందారులకు తరచుగా ఎదురయ్యే నష్టం. దీనికి కారణం ఎక్కువ సందర్భాలలో తెగులు కాదు; కొమ్మల పెరుగుదలకు తగినంతగా వేర్లు ఏర్పడకపోవడమే.

మొక్క తయారయ్యే విధానం

నర్సరీలలో దొరికే గులాబీలలో అధిక భాగం రెండు మొక్కల కలయిక. నేలలో ఉండే వేరు భాగం ఒక దృఢమైన అడవి లేదా పాత రకపు గులాబీది. పైన పూలు పూసే భాగం కోరుకున్న రకానిది. కోరిన రకం నుండి తీసిన ఒక కన్నును వేరు మొక్క బెరడులో 'టి' ఆకారపు గాటు పెట్టి అమర్చి కట్టివేస్తారు. దీనిని కన్ను అంటు అందురు. కన్ను అతికిన తరువాత దానికి పైనున్న వేరు మొక్క కొమ్మలను కోసివేస్తారు. అంటు కట్టిన చోట ఏర్పడే ఉబ్బెత్తు భాగమే అంటు ముడి. నాటేటప్పుడు లోతును నిర్ణయించుటకు ఇదే ఆధారం.

వేరు మొక్కగా వాడే జాతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో రోజా లాక్సా ఎక్కువగా వాడుకలో ఉన్నది. అమెరికాలో 'డాక్టర్ హ్యుయీ' అనే ఎర్రపూల తీగ గులాబిని, రోజా మల్టీఫ్లోరాను విరివిగా వాడుతారు. ఫ్లోరిడా ఇసుక నేలలకు రోజా ఫార్చూనియానా అనుకూలమైనది. ఉత్తర భారత మైదానాలలో రోజా ఇండికా ఒడొరాటాను, దక్షిణాదిన ఎడ్వర్డ్ గులాబిని వాడుట వాడుకలో ఉన్నది.

వేరు మొక్కను నాటినది మొదలు అంటు మొక్క అమ్మకానికి సిద్ధమగుటకు సుమారు రెండేళ్ళు పడుతుంది. ఆకులు రాలి మొక్క నిద్రావస్థకు చేరిన తరువాత దానిని యంత్రాలతో పెకలించి, వేర్లు ఆరకుండా చల్లని, తేమగల గదులలో నిలువ చేస్తారు. బ్రిటన్‌లో ఈ మొక్కలు సాధారణంగా నవంబరు నుండి మార్చి వరకు లభిస్తాయి. మట్టి, కుండీ బరువు ఉండదు కనుక రవాణా ఖర్చు తక్కువ. 20వ శతాబ్దపు మధ్యకాలం తరువాత ప్లాస్టిక్ కుండీలలో పెంచిన మొక్కల వాడకం పెరిగినప్పటికీ, తక్కువ ధర, ఎక్కువ రకాలు లభించుట వలన బేర్‌రూట్ మొక్కలకు ఆదరణ కొనసాగుతున్నది.

పెకలించినపుడు జరిగే మార్పులు

మొక్క నీటిని పీల్చుకొనుటకు ప్రధానంగా ఉపయోగపడేవి లావుపాటి వేర్లు కావు. లేత వేర్ల కొనల వద్ద ఉండే అతి సన్నని మూలకేశాలే ఆ పని చేస్తాయి. పొలం నుండి పెకలించినపుడు సన్నని వేర్లలో చాలా భాగం తెగి నేలలోనే ఉండిపోతుంది, మూలకేశాలు నశిస్తాయి. కొనుగోలుదారుని చేతికి వచ్చేది మొక్కను నిలబెట్టే లావు వేర్లు మాత్రమే.

అయినప్పటికీ మొక్క బ్రతికి ఉండుటకు కారణం దాని కాండంలోను, వేర్లలోను నిలువ ఉన్న పిండిపదార్థం. వెచ్చదనం తగలగానే ఈ నిలువ ఆహారంతోనే కన్నులు విచ్చుకొని చిగుళ్ళు వస్తాయి. అంటే తొలి చిగుళ్ళు మొక్క నాటుకొన్నదనుటకు నిదర్శనం కావు. అవి వెనుకటి ఏడాది కూడబెట్టిన ధనాన్ని ఖర్చు చేసి వచ్చినవి. ఆకులు విప్పారిన కొద్దీ బాష్పోత్సేకం ద్వారా నీరు వెలుపలికి పోవుట ఎక్కువ అవుతుంది. ఈ లోపల క్రొత్త వేర్లు ఏర్పడితే మొక్క నిలుస్తుంది. ఏర్పడకపోతే నిలువ ఆహారం, కాండంలోని నీరు అయిపోయి వాడిపోతుంది. వేర్లకు, ఆకులకు మధ్య జరిగే ఈ పోటీలో వేర్లు గెలిచేటట్లు చూడడమే తొలి సంవత్సరపు పోషణలో ప్రధాన సూత్రం. క్రింద చెప్పిన పనులన్నీ ఈ సూత్రం నుండి వచ్చినవే.

కొమ్మలు నిద్రావస్థలో ఉండగానే చల్లని నేలలో వేర్లు మెల్లగా పెరగగలవు. అందువలన నేల గడ్డకట్టని ప్రాంతాలలో వీలైనంత ముందుగా నాటుట మేలు. చలి తీవ్రంగా ఉండి నేల గడ్డకట్టే ప్రాంతాలలో వసంత ఋతువు ఆరంభంలో నాటుతారు.

మొక్కల ఎంపిక

మంచి మొక్కకు ఈ క్రింది లక్షణాలు ఉండవలెను.
• మూడు లేదా అంతకు ఎక్కువ బలమైన కొమ్మలు. అమెరికాలో మొదటి తరగతి మొక్కకు ఇది ఒక కొలత.
• ముడతలు పడని, నిగనిగలాడే ఆకుపచ్చ బెరడు.
• వంచితే వంగే, తేమగల వేర్లు. పుటుక్కున విరిగే వేర్లు ఎండిపోయినవని అర్థం.
• వేర్ల మీద, అంటు ముడి దగ్గర గరుకైన గడ్డలు లేకుండుట. ఇవి అగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి వలన కలిగే వ్యాధికి గుర్తు కావచ్చును. అటువంటి మొక్కను నాటరాదు.

రవాణాలోనే పొడవైన తెల్లని చిగుళ్ళు వచ్చిన మొక్క కొంత ఆహారాన్ని వృథా చేసుకున్నట్లే. అటువంటి చిగుళ్ళు ఎండకు తట్టుకొనలేవు. వాటిని గిల్లివేసినచో ప్రక్కనున్న కన్నులు మేలుకుంటాయి.

నాటు విధానం

మొక్క చేరిన వెంటనే కట్ట విప్పి వేర్లను బకెట్ నీటిలో నానబెట్టవలెను. కనీసం రెండు గంటలు అవసరం. బాగా ఆరిన మొక్కలను రాత్రంతా ఉంచవచ్చును. 24 గంటలకు మించి ఉంచిన వేర్లకు ప్రాణవాయువు అందదు. వెంటనే నాటుటకు వీలు లేకపోతే నీడలో చిన్న కాలువ త్రవ్వి, మొక్కలను ఏటవాలుగా పరచి, వేర్లను తడిమట్టితో కప్పి కొద్దిరోజులు నిలువ చేయవచ్చును. వేర్లు గాలికి ఆరకుండుట ముఖ్యం. ఎండలో కొద్దిసేపు వదిలివేసినా సన్నని వేర్లు పాడవుతాయి.

విరిగిన, కుళ్ళిన వేర్లను మాత్రమే పదునైన కత్తెరతో తీసివేయవలెను. గుంత చిన్నదైనదని మంచి వేర్లను కోయుట, వాటిని చుట్టచుట్టి దూర్చుట తగదు. వేర్లు సహజంగా చాచుకొనే వెడల్పు, సుమారు 45 నుండి 60 సెం.మీ. వరకు, గుంత ఉండవలెను. గుంత మధ్యలో మట్టిని చిన్న దిబ్బగా పోసి, దాని మీద మొక్కను కూర్చుండబెట్టి, వేర్లను నలువైపులకు జారవిడుస్తారు. తరువాత మట్టిని కొద్దికొద్దిగా వేస్తూ చేతితో అదిమి, సగం నిండిన తరువాత నీరు పోసి ఇంకనిచ్చి, మిగిలిన భాగాన్ని పూడ్చవలెను. నీరు మట్టిని వేర్ల సందులలోకి తీసుకొనిపోతుంది. మట్టికి, వేరుకు మధ్య గాలి ఖాళీలు ఉంటే అక్కడ క్రొత్త వేరు పుట్టదు.

అంటు ముడి ఎంత లోతున ఉండవలెను అనేది శీతోష్ణస్థితిని బట్టి ఉంటుంది. తీవ్రమైన మంచు కురిసే ప్రాంతాలలో ముడిని చలి నుండి కాపాడుటకు నేలమట్టానికి సుమారు 5 సెం.మీ. దిగువన ఉంచుతారు. బ్రిటన్ వంటి సమశీతల ప్రాంతాలలో దాదాపు నేలమట్టానికి, వేడి ప్రాంతాలలో సుమారు 5 సెం.మీ. ఎగువన ఉంచుతారు.

మునుపు చాలా సంవత్సరాలు గులాబీలు పెరిగిన చోట మళ్ళీ గులాబి నాటితే క్రొత్త మొక్క కుంచించుకుపోవుట కలదు. వీలైతే వేరొక చోటును ఎంచుకొనవలెను, లేదా గుంతలోని మట్టిని పూర్తిగా మార్చవలెను. వేర్లతో సహజీవనం చేసే మైకోరైజా శిలీంధ్రాల పొడిని వేర్లకు తగిలేటట్లు చల్లుట కొన్ని దేశాలలో వాడుకలో ఉన్నది.

కొమ్మలను మట్టితో కప్పుట

నాటిన వెంటనే కొమ్మల పొడవులో సగం నుండి మూడింట రెండు వంతుల వరకు తేమగల మట్టిని లేదా చివికిన ఆకు ఎరువును దిబ్బగా పోయుట అనేక పెంపకందారులు పాటించే పద్ధతి. వేర్లు నీరు అందించలేని ఆ రోజులలో ఎండ, గాలి తగిలి కొమ్మలు ఎండిపోకుండా ఈ దిబ్బ కాపాడుతుంది. కన్నులు రెండు మూడు సెం.మీ. చిగుళ్ళుగా పెరిగిన తరువాత, మబ్బు పట్టిన రోజున లేదా సాయంకాలం, నీటి ధారతో మట్టిని కొద్దికొద్దిగా తొలగించవలెను. ఒక్కసారిగా చేతితో లాగివేస్తే లేత చిగుళ్ళు విరిగిపోతాయి.

వాతావరణం వేడెక్కినా కన్నులు మేలుకొనని మొక్కకు తడి గోనెపట్ట కప్పి నీడలో కొద్దిరోజులు ఉంచుట మరియొక ఉపాయం. బెరడుకు తేమ అంది కన్నులు ఉబ్బుతాయి.

నీరు

తొలి ఏడాది మొక్కకు నీరు లోతుగా, తగిన విరామంతో పోయవలెను. ప్రతిరోజూ పైపైన చిలకరించిన నీరు రెండు మూడు అంగుళాలకు మించి దిగదు. వేర్లు కూడా ఆ తడి ఉన్న పైపొరలోనే ఉండిపోయి వేసవిలో ఎండిపోతాయి. వాన లేనపుడు వారానికి సుమారు 25 మి.మీ. వర్షానికి సమానమైన నీరు సాధారణ కొలత. ఒక చదరపు మీటరు పాదుకు ఇది 25 లీటర్లకు సమానం. ఇసుక నేలలో ఈ నీటిని రెండు మూడు విడతలుగా ఇవ్వవలెను. బంకమట్టి నేలలో విరామం పెంచవలెను.

అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష వేలును మట్టిలో గుచ్చి చూచుట. వేలి లోతున తడి తగిలితే ఆ రోజు నీరు అవసరం లేదు. ఆకులు వాడినవని చూచి వెంటనే నీరు పోయుట ఒక్కొక్కసారి హాని చేస్తుంది. నీరు నిలిచి వేర్లు కుళ్ళినప్పుడు కూడా ఆకులు వాడినట్లే కనిపిస్తాయి. మధ్యాహ్నం వాడి సాయంకాలానికి తేరుకొనే మొక్కను, తెల్లవారు జామున కూడా వాడి ఉన్న మొక్కను వేరుగా గుర్తించవలెను. మొదటిది ఎండ వేడికి తాత్కాలికంగా వాడినది. రెండవదానికి నిజంగా నీటి కొరత గాని, వేర్ల నష్టం గాని ఉన్నది.

పాదులో ఎండుగడ్డి, ఎండుటాకులు లేదా చివికిన ఎరువు 5 నుండి 8 సెం.మీ. మందాన పరచినచో తేమ నిలిచి, నేల చల్లగా ఉంటుంది. ఈ పొర కాండానికి తగలకుండా కొంచెం ఎడం ఉంచవలెను.

ఎరువులు

క్రొత్త మొక్కకు బలం ఇవ్వవలెనని నాటేటప్పుడే గుంతలో యూరియా వంటి రసాయన ఎరువులు, పచ్చి పేడ వేయుట సాధారణంగా జరిగే పొరపాటు. నీటిలో కరిగిన లవణాల గాఢత వేరు వెలుపల ఎక్కువైనపుడు నీరు వేరులోనికి ప్రవేశించుటకు బదులు వెలుపలికి పోతుంది. లేత వేర్లు మాడిపోతాయి. పైగా నత్రజని ఆకుల పెరుగుదలను ప్రేరేపించి, వేర్లు మోయలేని భారాన్ని మొక్కపై పెడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువును మట్టిలో కలుపుట మాత్రం మేలు.

మొదటి విడత పూలు పూసిన తరువాత, అంటే మొక్క తన ఆకులతో ఆహారాన్ని తయారు చేసుకొనుట మొదలైన తరువాత, తక్కువ మోతాదులో ఎరువు ఇవ్వవచ్చును. ఎరువు వేయుటకు ముందు, వేసిన తరువాత నీరు పోయవలెను. మంచు పడే ప్రాంతాలలో వేసవి ముగిసే నాటికి నత్రజని ఎరువులు ఆపివేస్తారు. లేకపోతే వచ్చిన లేత చిగుళ్ళు మంచుకు మాడిపోతాయి.

మొగ్గలు, కత్తిరింపు

నాటేటప్పుడు ఎండిన, విరిగిన, సన్నని కొమ్మలను తీసివేసి, మిగిలిన వాటిని మూడు నుండి ఐదు కన్నుల వరకు ఉంచి కత్తిరించుట సంప్రదాయ పద్ధతి. తగ్గిన వేర్లకు సరిపడునట్లు కొమ్మలను తగ్గించుట దీని ఉద్దేశం. నర్సరీలు ముందుగానే కత్తిరించి పంపిన మొక్కలను మరల కురచ చేయనవసరం లేదు. బలమైన కొమ్మలలోనే నిలువ ఆహారం ఉన్నదని మరువరాదు.

మొదటి విడత మొగ్గలను బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లివేయుట కొందరు పాటిస్తారు. పువ్వుకు, విత్తనానికి పోవు ఆహారం వేర్లకు చేరుతుందని వారి అభిప్రాయం. ఒకటి రెండు పూలను పూయనిచ్చుట వలన బలమైన మొక్కకు పెద్ద నష్టం లేదని మరికొందరు అంటారు. రెండు పక్షాలవారు అంగీకరించే విషయం ఒకటి కలదు: తొలి ఏడాది పొడవాటి కాడలతో పూలు కోయరాదు. కాడతో పాటు పోయే ప్రతి ఆకు వేర్లకు ఆహారం తయారు చేసే వంటశాల. వాడిన పూలను కూడా ఆకులు పోకుండా మెడ వద్దనే తుంచవలెను.

వేరు మొక్క పిలకలు

అంటు ముడికి దిగువ నుండి పుట్టే కొమ్మలు వేరు మొక్కవి. వాటిని వదిలివేసినచో అవి బలిసి, పై రకాన్ని అణచివేస్తాయి. "నాటినది పసుపు గులాబి, పూసినది ఎర్ర గులాబి" అను అమెరికా తోటమాలుల ఆశ్చర్యానికి చాలాసార్లు కారణం 'డాక్టర్ హ్యుయీ' పిలకలే. ఏడు చిరుటాకులు ఉంటే పిలక, ఐదు ఉంటే అసలు కొమ్మ అను గుర్తు ప్రచారంలో ఉన్నది గాని అది నమ్మదగినది కాదు. అనేక మంచి రకాలకు కూడా ఏడు చిరుటాకులు ఉంటాయి. మట్టిని తొలగించి కొమ్మ ఎక్కడ పుట్టినదో చూచుటయే సరైన పద్ధతి. పిలకను కత్తిరించినచో మొదట ఉన్న కన్నులు మరల మొలుస్తాయి కనుక, పుట్టిన చోటనే పట్టి క్రిందికి లాగి చీల్చివేయవలెను.

అంటు ముడి నుండి గాని, దాని పై నుండి గాని ఎర్రని, లావైన క్రొత్త కొమ్మ వచ్చినచో అది శుభసూచకం. మొక్క నాటుకొన్నదని చెప్పుటకు ఇది తొలి చిగుళ్ళ కంటె గట్టి సాక్ష్యం. దానిని పిలకగా భ్రమించి తీసివేయరాదు.

చీడపీడలు

తొలి ఏడాది ఆకులే మొక్క ఆస్తి కనుక వాటిని కాపాడుట ముఖ్యం. లేత చిగుళ్ళపై పేనుబంకను నీటి ధారతో కడిగివేయవచ్చును. నల్లమచ్చ తెగులు తడి ఆకులపై వ్యాపిస్తుంది కనుక నీటిని మొదటిలోనే, ఉదయం వేళ పోయవలెను. రాలిన ఆకులను ఏరివేయవలెను. బూడిద తెగులుకు గాలి ఆడని చోట్లు అనుకూలం. నీరు అందని మొక్కపై పురుగుమందులు, గంధకం చల్లినచో ఆకులు మాడుతాయి. ముందు నీరు పోసి, చల్లని వేళలో మాత్రమే చల్లవలెను.

మొక్క బ్రతికి ఉన్నదో లేదో తెలిసికొనుట

ఎంతకాలమైనా చిగుర్చని మొక్కను పెరికివేయుటకు ముందు కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరి చూడవలెను. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే కొమ్మకు ప్రాణమున్నది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ భాగం చనిపోయినది. అటువంటప్పుడు క్రిందికి వస్తూ పరీక్షించి, పచ్చదనం కనిపించిన చోటికి కత్తిరించవలెను. అంటు ముడి వరకు ఎండిపోయినచో కోరిన రకం పోయినట్లే. ఆ తరువాత నేల నుండి మొలిచేది వేరు మొక్క మాత్రమే.

మొక్కను కదిపి చూచుట, వేర్లు వచ్చినవేమోనని పైకి లాగుట మంచిది కాదు. అప్పుడే పుట్టిన వేర్లు దీనివలన తెగిపోతాయి.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాలలో మంచు కురవదు. గులాబి పూర్తిగా ఆకు రాల్చి నిద్రపోదు. అందుచేత ఇక్కడ మొక్కలను ఎక్కువగా మట్టి ముద్దతో గాని, పాలిథీన్ సంచులలో గాని అమ్ముతారు. తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలు ఇందుకు ప్రసిద్ధి. ఉత్తరాది నుండి చలికాలంలో వచ్చే మొక్కల వేర్లకు బంకమట్టి ముద్ద చుట్టి ఉండుట కలదు. ఈ ముద్ద ఎండి గట్టిపడితే, దానిని అలాగే పాతిపెట్టినచో వేర్లు ముద్దను దాటి బయటకు రాలేవు. పైన పోసిన నీరు కూడా ముద్దలోనికి ఇంకక ప్రక్కల నుండి జారిపోతుంది. ముద్దను నీటిలో నానబెట్టి మెత్తబరచి, అంచులను వదులుచేసి, ఆ తరువాత నాటవలెను. అప్పుడు అది దాదాపు బేర్‌రూట్ మొక్కయే అగును. పోషణ కూడా ఆ విధంగానే చేయవలెను.

ఈ ప్రాంతంలో మొక్కకు శత్రువు చలి కాదు, వేసవి. ఏప్రిల్, మే నెలల నాటికి వేర్లు లోతుకు దిగి ఉండవలెను కనుక చలికాలం ఆరంభంలోనే నాటుట క్షేమకరం. ఫిబ్రవరి తరువాత నాటిన మొక్కకు వ్యవధి చాలదు. సాయంకాలం నాటి, మొదటి పది పదిహేను రోజులు కొబ్బరి మట్టతో గాని, తాటాకుతో గాని నీడ కల్పించవలెను. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు తూర్పు వైపు అనుకూలమైన చోటు. నల్లరేగడి నేలలలో నీరు నిలువకుండా ఎత్తైన మడులపై నాటుట, చౌడు నేలలను విడిచిపెట్టుట అవసరం. చెదలు ఉన్న చోట పచ్చి పేడ వాడక, వేపపిండి కలిపిన చివికిన ఎరువు వాడుతారు.

భారతదేశపు వాతావరణానికి తగిన గులాబీల పెంపకంపై విశేష కృషి చేసిన వారిలో వ్యవసాయ శాస్త్రవేత్త బి.పి.పాల్ (1906 - 1989) ముఖ్యులు. భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఈయన అనేక క్రొత్త గులాబి రకాలను రూపొందించారు. 'ది రోజ్ ఇన్ ఇండియా' అను గ్రంథాన్ని రచించారు.

తొలి సంవత్సరం ముగిసేసరికి

శీతల దేశాలలో మొదటి చలికాలం రాగానే మొక్క మొదట 20 నుండి 30 సెం.మీ. ఎత్తున మట్టి దిబ్బ పోసి అంటు ముడిని కాపాడుతారు. గాలికి ఊగి వేర్లు కదలకుండా పొడవైన కొమ్మలను కొంత కురచ చేస్తారు. తెలుగు ప్రాంతాలలో వర్షాలు తగ్గిన తరువాత, అక్టోబరు ప్రాంతంలో, కత్తిరింపు చేయుట వాడుక. మొదటి కత్తిరింపు తేలికగా ఉండవలెను.

ఒక సంవత్సరం గడిచిన తరువాత మొదటి నుండి క్రొత్త కొమ్మలు వచ్చి, మామూలు ఎండకు వాడకుండా నిలిచిన మొక్కను నాటుకొన్న మొక్కగా భావించవచ్చును. తొలి ఏడాది పూలు తక్కువగా పూయుట లోపం కాదు. వేరు బాగుగా దిగిన గులాబి రెండవ, మూడవ సంవత్సరాలలో తన పూర్తి రూపాన్ని, పూతను చూపుతుంది.

ఇవి కూడా చూడండి
• గులాబి
• అంటు కట్టుట
• బాష్పోత్సేకం
• కడియం